అరుదైన బ్రిటిష్ ఇంటిపేరు ఎక్కడ పుట్టిందో, ఎటు పాకిందో పట్టుకోవడం ఎలా: అటెన్‌బరో పేరుతో అడుగడుగునా

ఇంటిపేరు చరిత్ర తవ్వాలనుకున్న ప్రతివాళ్ళూ ముందు వంశవృక్షం గీయడం మొదలుపెడతారు. అరుదైన పేరు విషయంలో నేను దానికి ఒప్పుకోను. ముందు మ్యాప్, తర్వాతే వృక్షం. స్మిత్ లాంటి పేరయితే ఇంగ్లండ్‌లో కమ్మరి కొలిమి ఉన్న ప్రతి ఊళ్ళోనూ విడిగా పుట్టింది కాబట్టి మ్యాప్ మీద పెట్టినా ఏమీ తేలదు. అరుదైన పేరు అలా కాదు, అది ఒకటో రెండో చోట్ల పుట్టి ఉంటుంది, వందల ఏళ్ళ పాటు ఆ చుట్టుపక్కలే తిరుగుతూ ఉంటుంది. అది ఎక్కడ చిక్కగా ఉందో కనబడితే మీ పని సగం అయిపోయినట్టే.

పద్ధతి అర్థం కావాలంటే ఒక పేరు పట్టుకుని నడవాలి కదా, అందుకని అటెన్‌బరో తీసుకుందాం. గాంధీ మీద సినిమా తీసిన రిచర్డ్, టీవీలో జంతువుల గురించి చెప్పే ఆయన తమ్ముడు డేవిడ్, ఈ అన్నదమ్ముల వల్ల పేరు ప్రపంచమంతా తెలుసు. అయినా ఆ పేరున్న కుటుంబాలు మాత్రం తక్కువే, మన అభ్యాసానికి అదే కావాల్సింది.

మొదటి అడుగు: స్పెల్లింగులన్నీ ఒక కాగితం మీద రాసుకోండి

ఇంగ్లండ్‌లో 19వ శతాబ్దం సగం దాటేదాకా మామూలు జనంలో చాలామందికి రాయడం రాదు. పేరు పలికింది వాళ్ళు, రాసింది పాదిరి గారో గుమాస్తానో. అందుకే ఒకే మనిషి పేరు పెళ్ళి రికార్డులో ఒకలా, ఖననం రికార్డులో ఇంకోలా ఉంటుంది. అటెన్‌బరోకి చివర "బరో" ముక్కనే నాలుగైదు రకాలుగా రాశారు, అటెన్‌బ్రో, అటెన్‌బర అన్నట్టు కూడా కనిపిస్తాయి. వీటికి తోడు పాత చేతిరాతని కంప్యూటర్‌లోకి ఎక్కించినవాళ్ళ పొరపాట్లు ఉంటాయి. రెండు "టి" అక్షరాల మీద అడ్డగీత సరిగ్గా పడకపోతే అవి "ఎల్" అక్షరాల్లా కనిపించి పేరు కాస్తా "అలెన్‌బరో" అయి కూర్చుంటుంది. వెతికేటప్పుడు మొదటి నాలుగైదు అక్షరాలు కొట్టి చివర స్టార్ గుర్తు పెట్టండి, తర్వాత మొదటి అక్షరాలు వదిలేసి చివరి ముక్కతో వెతకండి. "మా పేరు ఎప్పుడూ ఇలాగే రాసేవాళ్ళం" అని ఆ ఇంటివాళ్ళు ఎంత గట్టిగా చెప్పినా నమ్మొద్దు. 1800కి ముందు సరైన స్పెల్లింగ్ అనేదే లేదు.

రెండో అడుగు: పేరు ఏ జాతిదో తేల్చండి

ఇంగ్లిష్ ఇంటిపేర్లు ఎక్కువగా నాలుగు దారుల్లో వచ్చాయి: ఊరు లేదా స్థలం, వృత్తి, తండ్రి పేరు, మారుపేరు. 1066లో నార్మన్లు వచ్చాక పెద్ద భూస్వాముల కుటుంబాల్లో మొదలై, 1400 నాటికి దాదాపు అందరికీ వంశపారంపర్యంగా స్థిరపడ్డాయి. అరుదైన పేర్లలో ఊరి పేర్ల నుంచి వచ్చినవి చాలా ఎక్కువ, ఎందుకంటే చిన్న ఊరైతే అక్కడి నుంచి పేరు మోసుకుని బయటికి వెళ్ళేవాళ్ళూ కొద్దిమందే.

ఇక్కడ తెలుగువాళ్ళకి ఒక సౌలభ్యం ఉంది. మన ఇంటిపేర్లలో సగం ఊరి పేర్లే కాబట్టి దీని తర్కం మనకి విడమరిచి చెప్పక్కర్లేదు. ఊళ్ళో ఉన్నవాణ్ణి ఆ ఊరి పేరు పెట్టి ఎవరూ పిలవరు, పక్క ఊరికో పట్నానికో వెళ్ళి స్థిరపడితేనే "ఫలానా ఊరివాడు" అవుతాడు, అదే పిల్లలకి అంటుకుంటుంది. ఇంగ్లండ్‌లోనూ అచ్చం అంతే. కాబట్టి పేరు చిక్కగా ఉన్న చోటు, పేరు పుట్టిన ఊరు సరిగ్గా ఒకటే కావాలని లేదు, సాధారణంగా పది ఇరవై మైళ్ళ లోపు పక్కన ఉంటుంది.

అటెన్‌బరో అనే ఊరు నాటింగ్‌హామ్‌షైర్‌లో ఉంది, నాటింగ్‌హామ్ నగరానికి నైరుతి దిక్కున, ట్రెంట్ నది ఒడ్డున. సెయింట్ మేరీ చర్చి, రైల్వే స్టేషన్, కంకర తవ్విన గోతుల్లో నీళ్ళు నిండి తయారైన పక్షుల సంరక్షణ కేంద్రం, చూడదగ్గవి అవీ. 1966లో ఆ కేంద్రాన్ని ప్రారంభించింది డేవిడ్ అటెన్‌బరోనే, ఊరి పేరున్న మనిషిని ఊరికి పిలిచారన్నమాట. ఊరి పేరుకి అర్థం "అడ్డా అనే మనిషికి చెందిన కోట" అని పండితులు చెబుతారు. అడ్డా అంటే పాత ఇంగ్లిష్‌లో ఒక మనిషి పేరు, చివరి ముక్క "బుర్" అంటే కట్టుదిట్టమైన చోటు.

ఊరి పేర్ల అర్థాలకి 1923లో మొదలైన ఇంగ్లిష్ ప్లేస్-నేమ్ సొసైటీ జిల్లాల వారీగా వేసిన సంపుటాలు ఉన్నాయి, నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఆన్‌లైన్‌లో ఉచితంగా వెతుక్కునే వీలు కూడా కల్పించారు. ముందు అక్కడ చూడండి. గూగుల్‌లో మొదట వచ్చే "మీ ఇంటిపేరు అర్థం" సైట్లు చాలావరకు ఒకదాన్నుంచి ఇంకొకటి ఎత్తిపోసుకున్నవే.

ఒక మెలిక ఉంది. మధ్యయుగపు ఇంగ్లిష్‌లో "అటెన్" అంటే "ఆ ... దగ్గర" అని. ఓక్ చెట్టు దగ్గర ఉండేవాడు నోక్స్ అయ్యాడు, యాష్ చెట్టు దగ్గరి వాడు నాష్ అయ్యాడు, "అటెన్"లోని చివరి "న్" తెగి చెట్టు పేరుకి అతుక్కుందన్నమాట. అదే లెక్కన ఊరితో సంబంధమే లేకుండా, ఏదో దిబ్బ దగ్గరో కోట దగ్గరో ఇల్లున్న మనిషికి కూడా అటెన్‌బరో అనే పేరు రావచ్చు. అర్థం ఒక్కటే పట్టుకుని కూర్చుంటే ఈ రెండిట్లో ఏది నిజమో ఎన్నటికీ తేలదు. తేల్చేది మ్యాప్.

మూడో అడుగు: 1881 మ్యాప్

అసలు పని ఇక్కడుంది, ఇక్కడ తొందరపడకండి.

బ్రిటన్‌లో 1801 నుంచి పదేళ్ళకోసారి జనాభా లెక్కలు జరుగుతున్నా, దేశమంతటా పేర్ల వారీగా మిగిలినవి 1841 నుంచే. వాటిలో 1881ని వేలమంది వాలంటీర్లు కూర్చుని పూర్తిగా ఎక్కించారు, ఫ్యామిలీసెర్చ్ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఇంటిపేర్ల మ్యాపులన్నిటికీ ఇదే పునాది కావడానికి కారణం అదే. రెడీమేడ్ మ్యాప్ కావాలంటే యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకుల జీబీ నేమ్స్ చూడండి, 1881 నాటి పరిస్థితిని ఇటీవలి కాలంతో పోల్చి చూపిస్తుంది. కానీ ఒక్కసారైనా మీ చేత్తో మీరే చేసి చూడండి, లేకపోతే ఆ రంగులు ఏం చెబుతున్నాయో అర్థం కాదు.

చేసే విధానం ఇది. పేరున్న వాళ్ళందరినీ ఒక ఎక్సెల్ షీట్‌లోకి ఎక్కించండి: పేరు, వయసు, వృత్తి, ఉంటున్న ఊరు, పుట్టిన ఊరు. జిల్లాల వారీగా కూడండి. కూడిన వెంటనే లండన్ పెద్ద అంకెతో పైకి వస్తుంది, చాలామంది "ఓహో, మా వాళ్ళది లండన్" అని ఆగిపోయేది ఇక్కడే. ఆగొద్దు. 1881లో లండన్ జనాభా సుమారు 38 లక్షలు, నాటింగ్‌హామ్‌షైర్ జనాభా సుమారు 3.9 లక్షలు. రెండు చోట్లా వందేసి మంది ఉన్నారని లెక్క కోసం అనుకోండి. లక్షకి ఎంతమంది అని చూస్తే నాటింగ్‌హామ్‌షైర్‌లో దాదాపు 26, లండన్‌లో మూడు కూడా లేరు, అంటే పదింతల తేడా. ఎప్పుడూ జనాభాతో భాగించాకే రంగులు వేయండి.

లండన్ విషయంలో ఇంకో సంగతి. 19వ శతాబ్దపు లండన్‌లో అటెన్‌బరో అంటే తాకట్టు దుకాణాలకి పెట్టింది పేరు, ఫ్లీట్ స్ట్రీట్‌లో కూడా వాళ్ళ షాపు ఉండేది. అరుదైన పేరుకి ఇలాంటి ఒక వ్యాపార కుటుంబం చాలు, పట్నంలో అంకె అమాంతం ఉబ్బిపోతుంది. అందుకే వృత్తి గడి కూడా ఎక్కించమన్నాను. ఒకే వృత్తి, పక్కపక్క వీధులు కనిపిస్తే అది ఒకే ఇంటి విస్తరణ, పేరు పుట్టిన చోటు కాదు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన కిటుకు. షీట్‌లో అరవై దాటినవాళ్ళని మాత్రమే ఉంచి మిగతావాళ్ళని దాచేయండి, వాళ్ళు "ఉంటున్న ఊరు" కాకుండా "పుట్టిన ఊరు" గడిని మ్యాప్ మీద పెట్టండి. 1881లో అరవై ఏళ్ళంటే పుట్టింది 1820 ఆ ప్రాంతాల్లో, అంటే రైళ్ళు రాకముందు. అటెన్‌బరో ఊరి మీదుగా వెళ్ళే నాటింగ్‌హామ్-డెర్బీ రైలు మార్గం 1839లో మొదలైంది. లేసు, మేజోళ్ళు తయారుచేసే ఫ్యాక్టరీలు మనుషుల్ని లాంగ్ ఈటన్, నాటింగ్‌హామ్ వైపు పెద్దఎత్తున లాక్కెళ్ళింది కూడా ఆ తర్వాతే. రైలుకి ముందటి మ్యాప్ ఎంత తేటగా ఉంటుందంటే, చెదిరిపోయిన మచ్చలన్నీ ఒకటి రెండు చుక్కల దగ్గరికి వచ్చి నిలబడతాయి.

అటెన్‌బరో పేరుకి ఆ చుక్కలు పడేది నాటింగ్‌హామ్‌షైర్, డెర్బీషైర్ సరిహద్దులో, ఎరెవాష్ నదికి ఇటూ అటూ. ఆ అన్నదమ్ముల తండ్రి ఫ్రెడరిక్ అటెన్‌బరో 1887లో పుట్టిన స్టేపుల్‌ఫర్డ్ కూడా సరిగ్గా అక్కడే, అటెన్‌బరో ఊరికి కొద్ది మైళ్ళ దూరం. ఆయన చదువుకుని పైకొచ్చి లెస్టర్‌లో యూనివర్సిటీ కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యాడు, పెద్దకొడుకు కేంబ్రిడ్జ్‌లో పుట్టాడు, రెండోవాడు లండన్ పక్కన ఐల్‌వర్త్‌లో. కొడుకుల పుట్టిన ఊళ్ళు చూసి మ్యాప్ గీసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి, ఒక్క తరంలో ఆనవాలు మాయం. ఎక్కడో ఉన్న దిబ్బ వల్ల కాకుండా ఊరి వల్లే ఈ పేరు వచ్చింది అనడానికి బలమైన ఆధారం ఈ గుంపే, డిక్షనరీ కాదు.

నాలుగో అడుగు: ముందుకీ వెనక్కీ జరగండి

1841 లెక్కల్లో పుట్టిన ఊరు ఉండదు, "ఇదే జిల్లాలో పుట్టారా" అనే ప్రశ్నకి అవును, కాదు మాత్రమే. పదిహేనేళ్ళు దాటినవాళ్ళ వయసు కూడా చాలాచోట్ల అయిదు గుణిజానికి తగ్గించి రాశారు, 34 ఉంటే 30 అని. 1851 నుంచి ఊరు ఉంటుంది. 1921 లెక్కలు 2022 జనవరిలో బయటికొచ్చాయి. ఇంగ్లండ్, వేల్స్‌ల 1931 లెక్కలు 1942లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి, 1941లో యుద్ధం వల్ల అసలు తీయలేదు, 1951వి 2052 దాకా తెరవరు. మధ్యలో ఉన్న ఖాళీకి దిక్కు 1939 సెప్టెంబర్ 29న తీసిన రిజిస్టర్ ఒక్కటే.

జనన, వివాహ, మరణాల సర్కారు నమోదు ఇంగ్లండ్, వేల్స్‌లో 1837 జూలై 1న మొదలైంది, స్కాట్లండ్‌లో 1855లో. అరుదైన పేరుకి ఇందులో ఒక సుఖం ఉంది: ఫ్రీబీఎండీ సైట్‌లో ఆ పేరు మీద ఉన్న ప్రతి ఎంట్రీనీ దింపుకోవచ్చు, మనిషిని ఎంచుకోనక్కర్లేదు, అందరినీ ఎత్తుకొచ్చేయొచ్చు. ప్రభుత్వ రిజిస్టర్ ఆఫీసు వాళ్ళ ఆన్‌లైన్ ఇండెక్స్‌లో పిల్లల పుట్టుకకి తల్లి పుట్టింటి పేరు కూడా 1837 నుంచే ఇస్తారు, దాంతో సర్టిఫికెట్ కొనకుండానే ఏ పిల్లలు ఏ తల్లి పిల్లలో విడదీసేయొచ్చు. 1875 దాకా నమోదు చేయించకపోతే పెద్దగా జరిమానా ఉండేది కాదు కాబట్టి అంతకుముందు కొన్ని జననాలు దొరకవు, టెన్షన్ పడకండి.

ఇండెక్స్‌లో ఉండేది ఊరి పేరు కాదు, రిజిస్ట్రేషన్ జిల్లా పేరు, అవి మామూలు జిల్లా సరిహద్దుల్ని లెక్కచేయవు. నాటింగ్‌హామ్‌షైర్‌లో ఉన్న స్టేపుల్‌ఫర్డ్‌లో పుట్టిన పిల్లలు షార్డ్‌లో అనే డెర్బీషైర్ ఊరి పేరున్న జిల్లా కింద నమోదయ్యారు. ఈ సంగతి తెలియకపోతే సగం అటెన్‌బరోలని డెర్బీషైర్‌కి పంపించేస్తారు.

అయిదో అడుగు: చర్చి పుస్తకాలు

1837కి ముందంతా చర్చి రికార్డులే. 1538లో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ ప్రతి పారిష్‌లోనూ జ్ఞానస్నానాలు, పెళ్ళిళ్ళు, ఖననాలు రాసి ఉంచమని ఆదేశించాడు. అయితే అప్పటివి చాలాచోట్ల పోయాయి, 1598 తర్వాతవి మెరుగు, అప్పటి నుంచి ఏటా బిషప్‌కి ఒక నకలు పంపడం కూడా మొదలైంది కాబట్టి అసలు పుస్తకం చెదలు పట్టినా నకలు దొరికే అవకాశం ఉంది.

పారిష్ అంటే ఒక్క ఊరు అనుకోకండి. అటెన్‌బరో పారిష్‌లో చిల్‌వెల్, టోటన్ కూడా కలిసి ఉండేవి. అదే చర్చిలో 1611లో జ్ఞానస్నానం చేయించుకున్న హెన్రీ ఐర్టన్ తర్వాత, రాజుకీ పార్లమెంటుకీ జరిగిన అంతర్యుద్ధంలో పార్లమెంటు పక్షం నాయకుడు ఆలివర్ క్రామ్‌వెల్‌కి అల్లుడై, మొదటి చార్లెస్ రాజు మరణశిక్ష పత్రం మీద సంతకం పెట్టాడు. ఆ అంతర్యుద్ధ కాలం, 1642 నుంచి 1660 దాకా, దేశమంతా రిజిస్టర్లలో పెద్ద చిల్లు. మీ వంశం అక్కడ తెగితే అది మీ చేతకానితనం కాదు.

తేదీలతో జాగ్రత్త. 1752 దాకా ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. పుస్తకంలో 1650 ఫిబ్రవరి అని ఉంటే మన లెక్కలో అది 1651. ఈ చిన్న విషయం గుర్తులేక, పెళ్ళి 1650 జూన్‌లో, బిడ్డ 1650 ఫిబ్రవరిలో అని చూసి పాపం ఆ దంపతుల గురించి ఏవేవో కథలు అల్లినవాళ్ళున్నారు. బాప్టిస్టులు, క్వేకర్ల లాంటి వేరే శాఖలవాళ్ళ పిల్లలు ఈ పుస్తకాల్లో ఉండరు, వాళ్ళ రిజిస్టర్లు ఎక్కువగా లండన్‌లో క్యూ అనే పేటలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

వీలునామాలకి ఆ ఊరు ఏ చర్చి పాలన కింద ఉండేదో తెలియాలి. నాటింగ్‌హామ్‌షైర్ 1837 దాకా యార్క్ కింద ఉండేది కాబట్టి యార్క్ విశ్వవిద్యాలయంలోని బోర్త్‌విక్ ఇన్‌స్టిట్యూట్‌లో కూడా వెతకాలి. 1858 నుంచి దేశమంతటికీ ఒకే ఇండెక్స్, హాయి.

ప్రతి యాభై ఏళ్ళకి ఒక మ్యాప్ గీసుకుంటూ వెనక్కి వెళ్ళండి. గుంపు చిన్నదవుతూ ఒకచోటికి జరుగుతూ ఉంటే మీరు సరైన దారిలో ఉన్నట్టే. 1700 నాటికి కూడా వంద మైళ్ళ దూరంలో రెండు గుంపులు విడివిడిగా నిలబడితే పేరు రెండుసార్లు పుట్టిందని అనుమానించాలి.

ఆరో అడుగు: 1538 దాటి వెనక్కి

ఇక్కడ వంశవృక్షం ఆశ వదిలేయండి, దొరికేవి పేరు, ఊరు, కట్టిన పన్ను, అంతే. 1327, 1332 నాటి పన్ను జాబితాలు, 1377, 1379, 1381 తలపన్ను జాబితాలు, తర్వాతి కాలానికి 1662 నుంచి 1689 దాకా పొయ్యి పన్ను, ఇవి ముఖ్యం. 1300లలో పేరు ముందు "ద" (de, అంటే "ఫలానా ఊరి") అని ఉంటే ఆ మనిషికి ఆ ఊరితో సంబంధం నిజంగానే ఉందన్న గుర్తు, "అట్" అని ఉంటే ఏదో స్థలం దగ్గర ఇల్లని. రెండో అడుగులో వచ్చిన మెలికని చివరికి విప్పేది ఈ చిన్న అక్షరాలే.

ఇదే దశలో ఎవరో ఒకరు మీకు "మీ ఇంటిపేరు రాజముద్ర" అని ఫ్రేము కట్టిన బొమ్మ అమ్మజూపుతారు. ఇంగ్లండ్‌లో ముద్ర మంజూరయ్యేది మనిషికి, ఆయన వారసులకి, అంతేగానీ ఇంటిపేరుకి ముద్ర ఉండదు. ఆ డబ్బుతో రెండు సర్టిఫికెట్లు కొనుక్కోండి.

ఏడో అడుగు: సముద్రం దాటినవాళ్ళు

ఆస్ట్రేలియా వెళ్ళినవాళ్ళకి ట్రోవ్ అనే ఉచిత పాత పత్రికల భాండాగారం బంగారం. ఇండియా వచ్చినవాళ్ళకి బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డులు. బెంగాల్, మద్రాసు, బొంబాయి వరుసలుగా చర్చి నకళ్ళు ఉంటాయి, మద్రాసువి 1698 నుంచి మొదలవుతాయి. మచిలీపట్నంలో కంపెనీ వర్తక స్థావరం 1611లోనే పెట్టింది, అక్కడా విశాఖపట్నంలోనూ పాత యూరోపియన్ సమాధుల మీద పేర్లు ఇప్పటికీ చదవొచ్చు. మన ఊళ్ళో సమాధి రాయి మీద వింత ఇంటిపేరు కనబడితే, ఈ అడుగు నుంచి మొదలుపెట్టి వెనక్కి మూడో అడుగుకి వెళ్ళండి. బ్రిటిష్ ఇండియాలో ఉన్న కుటుంబాల చరిత్ర మీద పనిచేసే ఫిబిస్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళ డేటాబేస్ ఉచితంగా వెతుక్కోవచ్చు.

ఎనిమిదో అడుగు: డీఎన్ఏ, అవసరమైతేనే

తండ్రి నుంచి కొడుక్కి వై క్రోమోజోమ్ వెళ్తుంది, ఇంగ్లండ్‌లో ఇంటిపేరూ అలాగే వెళ్తుంది, కాబట్టి రెండూ జత నడవాలి. లెస్టర్ విశ్వవిద్యాలయంలో టూరీ కింగ్, మార్క్ జాబ్లింగ్ 40 బ్రిటిష్ ఇంటిపేర్లున్న 1678 మంది మగవాళ్ళ నమూనాలు పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించారు. స్మిత్ లాంటి పేరున్న ఇద్దరి మధ్య చుట్టరికం దారినపోయే ఇద్దరి మధ్య ఉన్నంతే, పేరు అరుదయ్యేకొద్దీ ఒకే పూర్వీకుడు ఉండే అవకాశం పెరుగుతుంది. అటెన్‌బరో ఆ జాబితాలో ఉంది, అందులో అత్యధికుల వై క్రోమోజోమ్ ఒకే రకం. ఫ్రెడరిక్ ప్రిన్సిపాల్‌గా చేసిన కాలేజీయే తర్వాత ఆ విశ్వవిద్యాలయం అయింది, కాకతాళీయమే గానీ బాగుంది కదూ.

మీరు చేయదలిస్తే ఒక్కరితో లాభం లేదు. మీ మ్యాప్‌లో తేలిన ప్రతి గుంపు నుంచీ, దగ్గరి చుట్టరికం లేని ఇద్దరు మగవాళ్ళని ఒప్పించాలి. గుంపుల మధ్య ఫలితాలు కలవకపోతే పేరు రెండు చోట్ల పుట్టి ఉండొచ్చు, లేదా ఎక్కడో దత్తత, తల్లి పేరు పెట్టుకోవడం, పెళ్ళి బయట బిడ్డ జరిగి ఉండొచ్చు. ఏదనేది తేల్చడానికి మళ్ళీ చర్చి పుస్తకాలకే వెళ్ళాలి. నమూనా అడిగేటప్పుడే ఇలాంటివి బయటపడొచ్చని వాళ్ళకి చెప్పేయండి, వద్దంటే ఊరుకోండి, ఒప్పుకున్నవాళ్ళ దగ్గర కూడా పేరు బయటపెట్టకూడదన్న షరతు ఉంటే రాతపూర్వకంగా తీసుకోండి.